వెండితెర మీద ట్రాన్స్‌జెండర్ మనుషులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకోసారి మేం పది పదిహేను మందిమి ఒకరింట్లో చేరి సినిమా చూస్తాం. అయిపోయాక టీలు తాగుతూ అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటాం. మాలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు, ఒక ట్రాన్స్ అబ్బాయి ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు వాళ్ళను నేరుగా అడగడానికి మొహమాటపడి, నన్ను బాల్కనీలోకి పిలిచి అడిగే ప్రశ్నలు ఇవి. ఎప్పుడూ దాదాపు ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. జవాబులు నావే అయినా, చాలావరకు ఆ ముగ్గురితో వాదించి నేర్చుకున్నవి.

ట్రాన్స్‌జెండర్ అన్నా హిజ్రా అన్నా ఒకటేనా?

కాదు. పుట్టినప్పుడు కాగితం మీద రాసిన దానికీ, తానెవరో తన మనసుకు తెలిసిన దానికీ పొంతన లేని మనుషులందరికీ కలిపి వాడే మాట ట్రాన్స్‌జెండర్. అబ్బాయిగా పెంచినా తాను అమ్మాయినని తెలుసుకున్నవాళ్ళు ట్రాన్స్ మహిళలు. అమ్మాయిగా పెంచినా తాను అబ్బాయినని తెలుసుకున్నవాళ్ళు ట్రాన్స్ పురుషులు. ఈ రెండిటిలోనూ ఇమడని వాళ్ళూ ఉంటారు.

హిజ్రా అనేది ఒక సమాజం. గురువు, చేలా (శిష్యురాలు) అనే బంధాలు, సొంత ఇళ్ళు, కట్టుబాట్లు, పెద్దరికాలు అందులో ఉంటాయి. ట్రాన్స్ మహిళలందరూ అందులో చేరరు. తెలంగాణలో శివసత్తులుగా బోనం ఎత్తే ట్రాన్స్ మహిళలున్నారు, మాదాపూర్‌లో ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్ళొచ్చే వాళ్ళున్నారు. 2022లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. 2024 చివర్లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మన సినిమాలకు మాత్రం ఇన్నేళ్ళుగా ఒక్క మనిషే కనబడుతోంది: సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టే మనిషి.

మగ నటుడు చీర కట్టి నటిస్తే అది ట్రాన్స్ పాత్రే కదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. నాటకాల్లో స్థానం నరసింహారావు గారు సత్యభామగా ‘మీరజాలగలడా నా యానతి’ అని పాడితే జనం ఆ భామనే చూశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భాగవతుల్లో తరతరాలుగా మగవాళ్ళే భామాకలాపం ఆడారు. అది స్త్రీ పాత్రధారణ, ఒక కళ. వేషం తీశాక ఆయన మళ్ళీ నరసింహారావు గారే.

‘మేడమ్’ సినిమాలో రాజేంద్రప్రసాద్ గారిది మారువేషం. కథ అవసరం కోసం వేసి, అవసరం తీరాక తీసేసేది. పుష్ప 2లో జాతర సన్నివేశంలో అల్లు అర్జున్ కట్టిన చీర ఇంకో రకం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు మొక్కుగా ఆడవేషం వేస్తారు, మాతంగి వేషం అంటే అదే. అక్కడ చీర భక్తికి గుర్తు. హాల్లో ఆ సీన్‌కు ఎవరూ వెకిలిగా నవ్వలేదన్నది నాకు బాగా గుర్తు. నిజంగా అమ్మాయిగా బతికే మనిషి అదే చీర కట్టుకుని తెర మీదకు వస్తే మాత్రం నవ్వుతారు. ఒకే చీర, ఒకే హాలు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందని చాలా రోజులు ఆలోచించాను. చీర విప్పేసి మళ్ళీ మగవాడు అవుతాడన్న భరోసా ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. విప్పని మనిషితోనే ఇబ్బంది.

నర్తనశాలలో బృహన్నలను ఎలా అర్థం చేసుకోవాలి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

1963లో వచ్చిన నర్తనశాలలో ఎన్టీఆర్ అప్పటికే రాముడు, కృష్ణుడు. అంత పేరున్న నటుడు జడ వేసుకుని, నగలు పెట్టుకుని, విరాటరాజు కూతురికి నాట్యం నేర్పే బృహన్నలగా వచ్చారు. ఊర్వశి శాపం వల్ల అర్జునుడు ఏడాది పాటు పేడిగా ఉండాలి, అజ్ఞాతవాసానికి ఆ శాపమే పనికొస్తుంది. తిక్కన విరాటపర్వంలోనూ పేడి అనే మాట ఉంది. తిట్టుగా మారిపోకముందు అది కేవలం ఒక రకం మనిషికి పేరు.

ఈసారి చూసినప్పుడు ‘సలలిత రాగ సుధారస సారం’ పాట దగ్గర ఆగండి. ఆ గొంతు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది. బృహన్నలకు మామూలు హీరో గొంతు కాకుండా ఆయన చేత పాడించారు. సంగీతం సుసర్ల దక్షిణామూర్తి గారిది. ఆ గొంతు మగదా ఆడదా అని మనం ఆలోచించం, విద్య తెలిసిన గొంతు అని మాత్రమే తెలుస్తుంది. ఎన్టీఆర్ కూడా నడకను వెక్కిరింతగా చేయలేదు. చేతులు మెత్తగా కదులుతాయి, చూపు కాస్త కిందికి ఉంటుంది, అంతే. ఉత్తర ఆమెను గురువుగానే చూస్తుంది.

అయితే పరిమితి కూడా చెప్పాలి. ఇది శాపం. గడువు తీరాక గాండీవం పట్టుకునే వీరుడు ఇందులోంచి బయటికి వస్తాడని మనకు ముందే తెలుసు. అందుకే గౌరవం ఇవ్వడం తేలికైంది. మా బృందంలో ఒకామె ఈ సినిమా చూసి, ‘నాకు అర్జునుడు అక్కర్లేదు, ఆ డాన్సు టీచర్ జీవితాంతం డాన్సు టీచర్‌గానే ఉంటే బాగుండు’ అంది. అరవై ఏళ్ళు దాటాక కూడా తెలుగులో అలాంటి డాన్సు టీచర్ పాత్ర రాలేదు. అరవై మూడులో అంత సున్నితంగా చూపించిన పరిశ్రమ ఆ తర్వాత ఇంత మొరటుగా ఎలా మారిందన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

కామెడీయే కదా, నవ్వుకుని వదిలేస్తే పోలా?

కామెడీ ట్రాకులో ఆ పాత్ర ఏం చేస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హీరో ఫ్రెండు మీద చెయ్యి వేస్తుంది, వాడు జడుసుకుంటాడు. వెనక నుంచి ఒక వంకర మ్యూజిక్ వస్తుంది. ఎవరో ఒకరు ‘తేడా’ అంటారు. ఆమెకు పేరుండదు. తేడా అన్న మాట తెలుగులో ఎంత మామూలు మాటో చూడండి, చిల్లర లెక్కలో తేడా, ఒంట్లో తేడా. సినిమాలు దాన్ని మనిషికి తగిలించాయి, స్కూలు పిల్లలు అక్కడి నుంచి ఎత్తుకున్నారు. కాస్త మెత్తగా మాట్లాడే ఏడో తరగతి పిల్లాడిని పట్టుకుని ‘వీడు తేడారా’ అనడం అలా వచ్చిందే.

కొన్నేళ్ళ క్రితం మా స్నేహితురాలితో ఒక కొత్త సినిమాకు వెళ్ళాను. ఇంటర్వెల్‌కు ముందు సరిగ్గా ఇలాంటి సీనే వచ్చింది. హాలంతా ఈలలు. లైట్లు వెలిగాయి. నేను లేచి పాప్‌కార్న్ తెస్తానంటే ఆమె నా మోచెయ్యి పట్టుకుని, ‘ఇప్పుడు వద్దు, లైట్లు ఆరాక వెళ్దాం’ అంది. బాత్రూమ్‌కు కూడా లేవలేదు. అప్పటిదాకా మా ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు ఆమె ఎవరో పట్టలేదు. ఆ సీను అయ్యాక ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. మొహం చున్నీలోకి లాక్కుని ఫోన్ చూస్తున్నట్టు కూర్చుంది. ఆ పదిహేను నిమిషాల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. టికెట్ డబ్బులు అందరితో సమానంగానే ఇచ్చింది కదా.

కామెడీ వద్దని నేను అనను. మా ట్రాన్స్ స్నేహితులు నా కంటే బాగా జోకులు వేస్తారు. గది అద్దెకు వెళితే ఇంటి ఓనర్ అడిగే ప్రశ్నలను వాళ్ళు నటించి చూపిస్తుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వుతాం. ఆ నవ్వు ఓనర్ మీద. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగుల చిత్రణ గురించి ఇచ్చిన తీర్పులో దాదాపు ఇదే విడదీసి చెప్పింది: వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, ఆ మనిషిని కించపరిచే హాస్యం వేరు అని. ట్రాన్స్ పాత్రలకూ ఆ కొలత సరిపోతుంది.

విలన్‌గా చూపించినా తప్పేనా?

ట్రాన్స్ మనిషి విలన్ కాకూడదని ఎవరూ అనడం లేదు. మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అందరిలో ఉంటారు. ఆ చెడ్డతనం ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. 1991లో వచ్చిన హిందీ సినిమా ‘సడక్’లో సదాశివ్ అమ్రాపుర్కర్ వేసిన మహారాణి వేశ్యాగృహం నడిపే క్రూరురాలు. ఆ పాత్రకు ఆయనకు ఫిల్మ్‌ఫేర్‌లో విలన్ అవార్డు వచ్చింది, ఆ విభాగంలో అదే మొట్టమొదటిది. నటన గొప్పదే. కానీ ఆ భయమంతా మగ గొంతు, బొట్టు, చీర ఒకేచోట కనబడటం మీద కట్టిన భయం.

2015 సంక్రాంతికి వచ్చిన శంకర్ సినిమా ‘ఐ’ తెలుగులో కూడా విడుదలైంది. అందులో స్టైలిస్ట్ పాత్రను వేసిన ఓజస్ రజని నిజ జీవితంలోనూ పేరున్న ట్రాన్స్ మేకప్ ఆర్టిస్ట్. నిజమైన వృత్తి, నిజమైన మనిషి, అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? కథ మాత్రం ఆమె హీరోను కోరుకోవడాన్నే అసహ్యంగా చూపించి, నవ్వుకు వాడుకుంది. చెన్నైలో ట్రాన్స్ సంఘాల వాళ్ళు రోడ్డెక్కి నిరసన తెలిపారు. ట్రాన్స్ నటిని తీసుకున్నంత మాత్రాన పాత్ర బాగుపడదనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

కాంచన మంచి సినిమానా, చెడ్డ సినిమానా?

మా దగ్గర ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే. రాఘవ లారెన్స్ తీసిన కాంచన 2011లో వచ్చింది. తెలుగు ఊళ్ళలో ట్రాన్స్ మహిళ కథ విని జనం కన్నీళ్ళు పెట్టుకున్న మొదటి సినిమా బహుశా అదే. గ్యాంగ్ లీడర్‌లో చిరంజీవికి అన్నగా చేసిన శరత్ కుమార్, అంత కండలు తిరిగిన మనిషి, చీర కట్టి కాంచనగా నిలబడ్డాడు. ఆయన నిలబడ్డ తీరులో ఎక్కడా వెటకారం లేదు. కన్నవాళ్ళు గెంటేస్తే ఒక ముస్లిం కుటుంబం చేరదీస్తుంది. తాను డాక్టరు కాలేకపోయినా తనలాంటి మరో అమ్మాయిని డాక్టరు చదివిస్తుంది. ఆసుపత్రి కోసం కొన్న స్థలం కోసమే ఆమెను చంపేస్తారు.

ఫ్లాష్‌బ్యాక్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దానికి ముందు గంటన్నర సంగతి వేరు. చనిపోయిన కాంచన దయ్యమై హీరోను పట్టాక వాడు గాజులు వేసుకోవడం, పసుపు రాసుకోవడం, సిగ్గుపడటం, ఇవన్నీ నవ్వుకోసం. అంటే మొదటి సగంలో దేనికి నవ్వించారో రెండో సగంలో దానికే ఏడిపించారు. ఇంకోటి, కాంచనకు గౌరవం దక్కాలంటే ఆమె చచ్చిపోవాల్సి వచ్చింది. బతికుండగా వీధిలో ఎవరూ పట్టించుకోని మనిషి దయ్యమయ్యాక దేవతలా కనబడింది.

అయినా నేను దీన్ని కొట్టిపారేయను. మా బృందంలో ఒకామె చెప్పింది: ఈ సినిమా చూసొచ్చిన వారం రోజులకు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడట. నాలుగేళ్ళ తర్వాత. ఏం మాట్లాడాలో తెలియక ‘తిన్నావా’ అని అడిగి పెట్టేశాడట. ఆ ఒక్క ఫోన్ కాల్‌ను తీసి పక్కన పెట్టి సినిమాను తిట్టడం నావల్ల కాదు.

ట్రాన్స్ పాత్రను ట్రాన్స్ నటులే వేయాలా?

ఇప్పుడున్న పరిస్థితిలో అవును, వీలైనంత వరకు. ఎందుకో చెప్తాను.

2014 సంవత్సరానికి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు సంచారి విజయ్‌కు వచ్చింది, కన్నడ సినిమా ‘నాను అవనల్ల... అవళు’ కోసం. 2017కు బెంగాలీ ‘నగర్‌కీర్తన్’లో నటించిన రిద్ధి సేన్‌కు వచ్చింది. 2019కు తమిళ ‘సూపర్ డీలక్స్’లో శిల్పగా చేసిన విజయ్ సేతుపతికి ఉత్తమ సహాయ నటుడి అవార్డు. మలయాళంలో ‘ఞాన్ మేరీకుట్టి’ చేసిన జయసూర్యకు కేరళ రాష్ట్ర అవార్డు. అందరూ గొప్పగా చేశారు, ఒప్పుకుంటాను. ముఖ్యంగా సంచారి విజయ్ నటన చూసి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. కానీ నాలుగు పాత్రలూ ట్రాన్స్ మహిళలవి, నలుగురూ మగ నటులు. అవార్డు పేరు కూడా ‘ఉత్తమ నటుడు’. స్టేజి మీదకు సూటు వేసుకుని వచ్చిన మగవాణ్ణి చూసి ప్రేక్షకుడికి ఏం అర్థమవుతుంది? లోపల ఉన్నది మగవాడే, మంచి వేషం వేశాడు అని. సరిగ్గా ఆ అపోహతోనే ట్రాన్స్ మహిళలు రోజూ పోట్లాడుతున్నారు.

నటన అంటే మరొకరిగా మారడమే కదా అని వాదిస్తారు. నిజమే. అయితే ఆ తలుపు రెండు వైపులా తెరుచుకోవాలి. ట్రాన్స్ నటిని మామూలు వదిన పాత్రకో బ్యాంకు మేనేజర్ పాత్రకో పిలిచిన రోజున ఈ వాదన నేను కూడా చేస్తాను. ఉన్న ఒక్క పాత్రను కూడా స్టార్‌కు ఇచ్చేస్తే వాళ్ళు ఆడిషన్‌కు వెళ్ళేదెక్కడికి?

పిలిస్తే ఏం జరుగుతుందో చూశాం కూడా. 2011లోనే తమిళ ‘నర్తకి’లో కల్కి సుబ్రమణ్యం ప్రధాన పాత్ర చేసింది. 2019లో రామ్ తీసిన ‘పేరన్బు’లో మమ్ముట్టి ఎదుట మీరాగా అంజలి అమీర్ నటించింది. మలయాళ ‘అంతరం’లో నటించిన నేఘకు కేరళ ప్రభుత్వం స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ల కోసం కొత్తగా పెట్టిన అవార్డు ఇచ్చింది. చిలీ సినిమా ‘ఎ ఫెంటాస్టిక్ ఉమన్’లో డానియెలా వేగా నటించింది, 2018లో దానికి ఉత్తమ విదేశీ భాషా చిత్రం ఆస్కార్ వచ్చింది. నటించడం రాని వాళ్ళని తీసుకోమని ఎవరూ అడగడం లేదు.

సూపర్ డీలక్స్‌ను అందరూ మెచ్చుకుంటే ట్రాన్స్ వాళ్ళు కొందరు ఎందుకు తప్పుపట్టారు?

రెండూ సరైనవే. ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చిన తండ్రి శిల్పగా, చీరలో దిగితే, ఇంటిల్లిపాదీ బిగుసుకుపోయినా చిన్నపిల్లాడు రాసుకుట్టికి అది పెద్ద విషయమే కాదు. వాడికి నాన్న కావాలి, ఎలా ఉన్నా సరే. నేను చూసిన భారతీయ సినిమాల్లో ట్రాన్స్ మనిషిని బిడ్డ ప్రేమించడం ఇంత తేటగా చూపించింది లేదు. అదే సినిమాలో శిల్ప ఒకప్పుడు పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాకు సాయం చేసినట్టు పెట్టారు. హిజ్రాలు పిల్లల్ని ఎత్తుకెళ్తారన్న పుకారు వల్ల మన ఊళ్ళలో వాళ్ళను చెట్లకు కట్టేసి కొట్టిన సంగతులు ఉన్నాయి. 2018లో వాట్సాప్‌లో ఆ పుకార్లు తిరిగినప్పుడు హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్ మహిళను గుంపు కొట్టి చంపింది. మర్నాడు బస్తీకి వెళ్ళాల్సిన మనిషికి ఆ ఒక్క మలుపు ఎలా వినిపిస్తుందో దర్శకుడు ఆలోచించి ఉండాల్సింది.

దీనికి ఎదురుగా మణిరత్నం ‘బొంబాయి’ని పెట్టి చూడండి. 1995లో డబ్బింగ్‌గా మనమంతా చూసిన సినిమా. అల్లర్లలో తప్పిపోయిన కవల పిల్లల్లో ఒకణ్ణి కాపాడి దాచేది ఒక హిజ్రా. ఉండేది కొద్ది నిమిషాలే, కానీ ఊరంతా కత్తులు పట్టుకుని తిరుగుతుంటే పిల్లాడికి దొరికిన ఒడి ఆమెది.

సినిమాల్లో ఎప్పుడూ చప్పట్లు, బొంగురు గొంతు ఎందుకు?

బద్ధకం వల్ల. అరచేతులు అడ్డంగా పెట్టి కొట్టే ఆ చప్పుడుకు హిజ్రా సమాజంలో అర్థాలున్నాయి. కోపానికి ఒకలా, పిలుపుకు ఒకలా, ఆపదలో తోడు పిలవడానికి మరోలా కొడతారు. సినిమాలో అది పాత్ర లోపలికి వచ్చిందని చెప్పే బెల్లు. ఇంట్లో అన్నం కలుపుకుంటూ కూడా చప్పట్లు కొట్టే ట్రాన్స్ మహిళను నేను ఎక్కడా చూడలేదు, తెర మీద తప్ప.

గొంతు సంగతి మాలో ఎవరూ పట్టించుకోలేదు, మా ట్రాన్స్ అబ్బాయి చెప్పేదాకా. వేరే భాష నుంచి డబ్బింగ్ అయ్యేటప్పుడు అసలు నటి మామూలుగా మాట్లాడినా, తెలుగులో ఒక మగ డబ్బింగ్ ఆర్టిస్ట్ చేత సాగదీసి చెప్పిస్తారని. అప్పటి నుంచి గమనిస్తున్నాను, చాలాసార్లు నిజమే. బాలమురళి గొంతు వెతికి తెచ్చిన పరిశ్రమ మనది.

తెలుగులో మంచి పాత్ర ఒక్కటీ లేదా?

క్రిష్ తీసిన ‘వేదం’ (2010)లో సరోజ పక్కన ఉండే కర్పూరం నాకు ఇష్టం. అమలాపురం నుంచి హైదరాబాద్‌కు ఇద్దరూ కలిసే బయలుదేరతారు. వాళ్ళ మధ్య ఉన్నది స్నేహం, దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. గాయపడ్డ కర్పూరం కోసమే సరోజ ఆసుపత్రికి చేరుతుంది. చిన్న పాత్రే, కానీ ఆమెకు ఏదైనా అయితే పరుగెత్తే మనిషి ఒకరున్నారు. తర్వాత చెప్పుకోదగ్గవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నిజం చెప్పాలంటే తెలుగు ఇళ్ళలోకి ట్రాన్స్ మహిళ మామూలు మనిషిగా వచ్చింది టీవీ ద్వారా. బిగ్ బాస్ మూడో సీజన్‌లో (2019) తమన్నా సింహాద్రి, ఐదో సీజన్‌లో (2021) ప్రియాంక సింగ్. వాళ్ళు వంట చేశారు, అలిగారు, గొడవ పడ్డారు, ఓట్లు అడిగారు. ఇష్టపడ్డవాళ్ళు ఇష్టపడ్డారు, తిట్టినవాళ్ళు తిట్టారు. మా పిన్ని ప్రియాంక వండిన కూర గురించి మాట్లాడింది, ఇంకేం మాట్లాడలేదు.

ట్రాన్స్ పురుషులు ఎందుకు కనబడరు?

మన దగ్గర దాదాపు శూన్యం. అమ్మాయిగా పెంచిన బిడ్డ ఇల్లు దాటడమే కష్టం కాబట్టి వాళ్ళు వీధిలోనే తక్కువ కనబడతారు, వీధిలో కనబడని వాళ్ళను కథ రాసేవాళ్ళు ఊహించరు. హాలీవుడ్‌లో 2020లో ఇలియట్ పేజ్ తాను ట్రాన్స్ అని ప్రకటించాక, ఆయన అప్పటికే చేస్తున్న ‘ది అంబ్రెల్లా అకాడమీ’ సిరీస్‌లో పాత్రను కూడా విక్టర్‌గా మార్చి రాశారు. ఆ ఎపిసోడ్ చూసి మా అబ్బాయి వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు, తెర మీద తనలాంటి వాడిని చూడటం అదే మొదటిసారి.

సెన్సార్ వాళ్ళు ఇవన్నీ ఆపలేరా?

ఏదైనా వర్గాన్ని కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదని సెన్సార్ మార్గదర్శకాల్లో ఉంది. ఆచరణలో కులం, మతం పేరు వస్తే కత్తెర వేస్తారు, ‘కొజ్జా’ అన్న మాట మాత్రం హాయిగా దాటిపోతుంది. నిషేధాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. రాసే గదిలో ఒక ట్రాన్స్ మనిషి కూర్చుని ఉంటే సగం సీన్లు కాగితం మీదే ఆగిపోతాయి.

చట్టం అనగానే ఒకటి గుర్తొస్తోంది. నిజాం కాలం నాటి ఒక చట్టం ప్రకారం తెలంగాణ ప్రాంతంలో ట్రాన్స్ మనుషులు ఆడవాళ్ళ బట్టల్లో వీధిలో కనబడినా, ఆడిపాడినా వారెంట్ లేకుండా అరెస్టు చేయగలిగేవాళ్ళు. 1329 ఫసలీ, అంటే 1919 నాటిది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అప్పటిదాకా పుస్తకంలో అలాగే ఉంది. ఐటమ్ సాంగ్‌లో వెనక వరసలో వాళ్ళ చేత ఆడించినన్నాళ్ళూ, అదే మనిషి అదే ఆట వీధిలో ఆడితే నేరం.

రివ్యూ రాసేటప్పుడు ఏ మాటలు వాడాలి?

ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి. హిజ్రా సమాజానికి చెందిన పాత్ర అయితే హిజ్రా అనొచ్చు, అది వాళ్ళ పేరే. కొజ్జా, మాడా, తేడా, నపుంసకుడు వద్దు. ట్రాన్స్ మహిళ పాత్రను ‘ఆమె’ అనండి, నటించింది మగవాడైనా సరే. ‘అబ్బాయి నుంచి అమ్మాయిగా మారిన’ అన్న వాక్యం మన పేపర్లలో అరిగిపోయింది. వాళ్ళ దృష్టిలో ముందు నుంచీ అమ్మాయే, బయటికి చెప్పింది ఇప్పుడు. ఆపరేషన్ జరిగిందా లేదా అన్నది కథకు అవసరమైతే తప్ప రాయకండి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని చెప్పింది.

ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూడటానికి దేనితో మొదలుపెట్టాలి?

‘నాను అవనల్ల... అవళు’తో. పేరుకు అర్థం ‘నేను అతన్ని కాదు, ఆమెను’. లివింగ్ స్మైల్ విద్య తమిళంలో రాసుకున్న ఆత్మకథ ఆధారంగా తీశారు. పల్లెటూరి నుంచి వచ్చిన, చదువుకున్న మనిషి ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాల్సి వస్తుందో మన అమ్మమ్మలకు కూడా అర్థమయ్యేలా ఉంటుంది. తర్వాత ‘పేరన్బు’. ఇంట్లో కాస్త అలవాటయ్యాక ‘పావ కదైగళ్’ అనే తమిళ చిన్న సినిమాల సంకలనంలో ‘తంగం’ చూపించండి, తీసింది తెలుగులో ‘గురు’ చేసిన సుధ కొంగర. అది ఏడిపిస్తుంది, ముందే చెప్పండి. పాకిస్తానీ ‘జాయ్‌ల్యాండ్’ పెద్దవాళ్ళు లేనప్పుడు మీరొక్కరే చూసుకోండి, లాహోర్ ఇంట్లో ఉక్కపోత మన ఇళ్ళలో ఉక్కపోతలాగే ఉంటుంది.

సినిమా కంటే పుస్తకం ఇష్టమైతే ఎ. రేవతి ఆత్మకథ ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరుతో పి. సత్యవతి గారి తెలుగులో దొరుకుతుంది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మా అమ్మ దాన్ని మధ్యాహ్నాలు చదివి వారంలో పూర్తి చేసింది. కన్నడ సినిమాకు మాత్రం సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేకపోయింది, నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ పోయాను. సినిమా రెండు గంటలే, మాకు మూడున్నర పట్టింది, మధ్యలో ఆపమని అడిగి మరీ ప్రశ్నలు వేసింది కాబట్టి.